పాత బ్రిటిష్ కార్ల వేలం: ఇనుముకు ఎంత, కాగితాలకు ఎంత?

బ్రిటన్‌లో పాత కార్ల వేలానికి ముందు వెలువడే కేటలాగులు చదవడం, ఉద్యోగరీత్యా ఇక్కడ స్థిరపడిన నాకు కొన్నేళ్లుగా పట్టుకున్న వ్యసనం. కొనే స్తోమత లేదు, నిలుపుకునే షెడ్డు అంతకన్నా లేదు. అయినా కొత్త కేటలాగు వచ్చిందంటే మొదటి లాట్ (వేలానికి పెట్టిన ఒక్కో వస్తువు) నుంచి చివరి లాట్ దాకా చదివితే గాని తృప్తి ఉండదు. అందులో ఫొటోలు ఎంత బాగున్నా, అసలు చూడవలసింది కారు పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే మూడు పంక్తులు: రిజిస్ట్రేషన్ నంబరు, ఛాసిస్ (కారుకు ఆధారమైన చట్రం) నంబరు, ఇంజన్ నంబరు. ఆ మూడూ కారు పుట్టిననాటివే అయితే ఒక ధర, వాటిలో ఒకటి మారినా మరో ధర. ఒకే ఏడాదిలో తయారై, ఒకే రంగులో పక్కపక్కన నిలబడిన రెండు కార్లలో ఒకటి రెండోదానికంటే ఎంతో ఎక్కువ పలికిందంటే, దానికి కారణం బానెట్ కింద కన్నా ఫైలులో దొరికే అవకాశమే ఎక్కువ. ఈ వేలాల్లో జనం డబ్బు పోసేది ప్రధానంగా ఆ కారు ఏ కారో తేల్చే ఆధారాల కోసమేననీ, యంత్రం వాటి వెంట వస్తుందనీ నా అభిప్రాయం.

పాట జరిగే తీరు మన ఊళ్లలో చెరువు చేపలకు పెట్టే వేలంపాటకు పెద్ద భిన్నంగా ఏమీ ఉండదు. ‘మూడోసారి’ అనే కేకకు బదులు ఇక్కడ సుత్తి దెబ్బ పడుతుంది. తేడా అంతా పాటకు ముందూ తర్వాతా ఉండే లెక్కల్లో ఉంది. అమ్మకందారు ఇంతకు తగ్గితే ఇవ్వనని రహస్యంగా ఒక కనీస ధర పెట్టుకుంటాడు. కేటలాగులో అచ్చయ్యే అంచనా ధరల్లో దిగువ అంకెను ఆ కనీస ధర దాటకూడదన్నది పెద్ద సంస్థల ఆనవాయితీ. పాట ఆ కనీస ధరకు చేరేవరకూ అమ్మకందారు తరఫున వేలం నడిపేవారే పాట పెంచుతూ పోవచ్చు. ముందుగా తెలియజేసి చేస్తే ఇది ఇక్కడి చట్టానికి సమ్మతమే. కాబట్టి హాల్లో చకచకా పెరిగిపోయే తొలి పాటలన్నీ నిజమైన చేతులవేనని కొత్తవాళ్లు నమ్మకూడదు. సుత్తి పడ్డాక కొనుగోలుదారు కమీషన్ మొదలవుతుంది. అది 15 శాతం అనుకుంటే, 20,000 పౌండ్లకు పాడుకున్న కారుకు కమీషన్ 3,000, ఆ కమీషన్ మీద 20 శాతం వ్యాట్ 600 కలిసి, చేతి నుంచి పోయేది 23,600 పౌండ్లు. మర్నాడు పత్రికల్లో కనిపించే రికార్డు ధరలు సాధారణంగా కమీషన్ కలిపినవి, కేటలాగు అంచనాలు కమీషన్ కలపనివి. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి ‘అంచనాను మించిపోయింది’ అని రాసేవాళ్లను చూస్తే నాకు విసుగొస్తుంది.

కొనేవాళ్లకు ప్రభుత్వం కూడా కొంత ఊతమిచ్చింది. సొంత కారును లాభానికి అమ్ముకున్నా బ్రిటన్‌లో మూలధన లాభాల పన్ను మామూలుగా పడదు. కారు కాలక్రమాన అరిగిపోయే ఆస్తి అని చట్టం లెక్క. కోటి పౌండ్లు పలికే కారు విషయంలో ఆ లెక్క కొంచెం నవ్వు తెప్పిస్తుంది గానీ, చట్టం చట్టమే. దానికితోడు, పెద్ద మార్పులేవీ చేయకుండా నలభై ఏళ్లు దాటిన కారుకు రోడ్డు పన్ను కట్టనక్కర్లేదు, వాహనం రోడ్డుకు తగినదేనా అని ఏటా చేయించే ఎంఓటీ తనిఖీ కూడా తప్పనిసరి కాదు.

ఆధారాల మాట ఎంత దూరం వెళ్లగలదో తెలియాలంటే 1990లో ఇంగ్లండ్ హైకోర్టులో తేలిన ఒక దావాను చెప్పుకోవాలి. అది వేలం మీద వచ్చిన దావా కాకపోయినా, ఆ తర్వాత అచ్చయిన ప్రతి కేటలాగు మీదా దాని నీడ ఉంది. బెంట్లీ స్పీడ్ సిక్స్ కార్లలో ‘ఓల్డ్ నంబర్ వన్’ అని పేరు తెచ్చుకున్న కారు 1929లోనూ 1930లోనూ వరసగా ఫ్రాన్స్‌లో జరిగే ల మాన్స్ 24 గంటల పందెం గెలిచింది. ఆ తర్వాత దాన్ని ఇంగ్లండ్‌లోని బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద జరిగే పందేల కోసం మార్చారు, పెద్ద ఇంజన్ ఎక్కించారు. 1932లో అక్కడే జరిగిన ప్రమాదంలో దాన్ని నడుపుతున్న క్లైవ్ డన్‌ఫీ చనిపోయాడు. అటు తర్వాత అది రోడ్డు మీద తిరిగే మూసిన కారైంది. చివరికి మళ్లీ పాత పందెపు రూపానికి వచ్చింది. ఇన్ని చేతులు, ఇన్ని మరమ్మతులు దాటిన ఆ కారును కోటి పౌండ్లకు కొనడానికి ఒక సంస్థ ఒప్పందం చేసుకుని, ఇది అసలు ఓల్డ్ నంబర్ వన్ కాదంటూ వెనక్కి తగ్గింది. అమ్మినాయన కోర్టుకెక్కాడు.

ల మాన్స్ గెలిచిన నాటి భాగాలు ఆ కారులో చాలా కొద్దిగానే మిగిలాయని సాక్ష్యాల్లో తేలింది. అయినా న్యాయమూర్తి తీర్పు అమ్మకందారు వైపే వచ్చింది. మార్పులన్నీ ఒకదాని తర్వాత ఒకటిగా, తెగిపోని చరిత్రతో జరిగాయి, ఎక్కడా ఒక కారు అంతరించి మరో కారు పుట్టలేదు, ఆ పేరు తనదని చెప్పుకోగల కారు లోకంలో ఇంకొకటి లేదు, కనుక ఇదే ఓల్డ్ నంబర్ వన్ అన్నది ఆ తీర్పు సారాంశం. నా దృష్టిలో అది సరైన తీర్పు. కానీ దాని ఫలితంగా, మిగిలిన ఇనుము కన్నా తెగిపోని కాగితాల వరస ఎక్కువ బరువైనదని వేలం ప్రపంచానికి న్యాయస్థానం నుంచే ముద్ర పడింది.

విచిత్రమేమిటంటే, రవాణా శాఖ తూకం వేరు. చాలా ఏళ్లపాటు ఇక్కడి వాహన నమోదు సంస్థ, తిరిగి కట్టిన కారు పాత నంబరు నిలుపుకోవాలంటే మార్కుల పద్ధతి పాటించింది: ఛాసిస్ లేదా బాడీ షెల్‌కు 5, సస్పెన్షన్, ఇరుసులు, గేర్‌బాక్స్, స్టీరింగ్‌లకు తలా 2, ఇంజన్‌కు 1. మొత్తంలో కనీసం 8 రావాలి. అంటే ఇంజన్ మారిపోతే ప్రభుత్వం లెక్కలో తగ్గేది ఒక్క మార్కు. అదే ఇంజన్ మారిన జాగ్వార్ ఇ టైప్ వేలానికి వస్తే, ‘మ్యాచింగ్ నంబర్స్’ (నంబర్లన్నీ పుట్టిననాటివే) అనే మాట కేటలాగులో కనిపించదు, కొనదలచినవాళ్లు వెంటనే గొంతు తగ్గిస్తారు. అరవై ఏళ్ల కిందటి కారులో ఇంజన్ పగిలిపోతే మరొకటి వేయడం కన్నా సహజమైన పని ఏముంటుంది? బోర్ చేయించి, కొత్త పిస్టన్లు వేసి, పాత బ్లాకునే లాక్కొచ్చిన యజమానిని మెచ్చుకోవలసిందే గానీ, మంచి ఇంజన్ వేయించి కారును రోజూ తిప్పినవాడికి ఇంత శిక్ష అవసరం లేదని నాకనిపిస్తుంది.

ఓల్డ్ నంబర్ వన్ కథకు సమాంతరంగా సాగి, గొడవ లేకుండా ముగిసిన కథ బర్కిన్ బ్లోయర్ బెంట్లీది. సర్ హెన్రీ బర్కిన్ బెంట్లీ నాలుగున్నర లీటర్ల ఇంజన్‌కు, లోపలికి గాలిని ఒత్తిడితో పంపే సూపర్‌చార్జర్ తగిలించి వేగం పెంచాలనుకున్నాడు. కంపెనీ వ్యవస్థాపకుడు డబ్ల్యూ.ఓ. బెంట్లీకి ఆ ఆలోచన అసలు నచ్చలేదు. డబ్బు డొరొతీ పాజెట్ అనే సంపన్నురాలు పెట్టింది, సూపర్‌చార్జర్‌ను ఏమ్‌హర్స్ట్ విలియర్స్ రూపొందించాడు. ఆ బృందం కట్టిన ఒంటి సీటు కారుతో బర్కిన్ 1932 మార్చిలో బ్రూక్‌లాండ్స్ కాంక్రీటు ట్రాక్ మీద గంటకు 137.96 మైళ్ల వేగంతో, అంటే 222 కిలోమీటర్ల వేగంతో చుట్టి వచ్చి రికార్డు నెలకొల్పాడు. ఆ తర్వాత ఈ కారుకూ బాడీ ఊడింది. కొంతకాలం రెండు సీట్ల రోడ్డు కారుగా బతికింది. దాన్ని తిరిగి ఒంటి సీటు రూపానికి తెచ్చినవాడు జార్జ్ డేనియల్స్. చేతి గడియారాల్లో కో యాక్సియల్ ఎస్కేప్‌మెంట్ అనే యంత్రాంగాన్ని కనిపెట్టిన పేరుమోసిన గడియారాల నిపుణుడు ఆయనే. ఆయన పోయాక, 2012 జూన్‌లో ఇంగ్లండ్‌లోని గుడ్‌వుడ్‌లో బోనమ్స్ అనే వేలం సంస్థ పాట పెడితే కమీషన్‌తో కలిపి 50 లక్షల పౌండ్లు దాటింది. గడియారం విప్పి కూర్చే మనిషి చేతిలో ఉన్న కారు అన్న విషయం కూడా ఆ ధరలో కొంత ఉందని నా నమ్మకం. ఏ మరను ఎప్పుడు ఎందుకు మార్చాడో చెప్పగల యజమాని కన్నా కేటలాగు రాసేవాడికి కావలసిందేముంది?

ఆ రోజు అదే వేలంలో 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్ ఒకటి 47 లక్షల పౌండ్లు పలికింది. దాని విలువ ఎందుకంతో అర్థం కావాలంటే అప్పటి అమ్మకాల పద్ధతి తెలియాలి. రోల్స్ రాయిస్ ఆ రోజుల్లో ఇంజన్‌తో కూడిన ఛాసిస్‌ను మాత్రమే అమ్మేది. దాని మీద ఇల్లు కట్టించుకున్నంత శ్రద్ధగా బార్కర్, హూపర్, మల్లినర్ వంటి బాడీ బిల్డర్ల దగ్గర కొన్నవాడే బాడీ కట్టించుకునేవాడు. ఫ్యాషన్ మారగానే బరువైన లిమొసీన్ బాడీని ఊడదీసి తేలికైన టూరర్ బాడీ బిగించేవారు. కొన్నిటిని శవవాహనాలుగా, సరుకుల వ్యాన్లుగా మార్చారు. అందువల్ల సిల్వర్ గోస్ట్‌లు చాలానే మిగిలినా, పుట్టిననాటి బాడీతో మిగిలినవి తక్కువ. ఈ కారు బార్కర్ కట్టిన పుల్‌మాన్ లిమొసీన్ బాడీతో చెక్కుచెదరకుండా నిలిచింది. కోర్గి బొమ్మ కార్ల కంపెనీ తన సిల్వర్ గోస్ట్ బొమ్మకు దీన్నే నమూనాగా తీసుకుంది కాబట్టి, ‘కోర్గి’ అన్న ముద్దుపేరు కూడా స్థిరపడింది.

1912, సిల్వర్ గోస్ట్, బార్కర్ బాడీ అన్న మూడు మాటలూ చదివిన హైదరాబాదు వాళ్లకు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న పసుపు రంగు కారు గుర్తుకు రాక మానదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ తెప్పించుకోవాలనుకుని, అది చేరకముందే కన్నుమూయడంతో ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో వచ్చిన ఆ కారుకు బాడీ కట్టింది కూడా బార్కర్ వారే. వెనక సింహాసనంలా ఎత్తుగా అమర్చిన ఆసనం దాని ప్రత్యేకత. ఊరేగింపులకు తప్ప పెద్దగా తిరగలేదు కాబట్టి బాడీ మార్చవలసిన అవసరమే రాలేదు. వేలం లెక్కలతో చూస్తే ఇంతకన్నా నికార్సైన ఆధారం ఉండదు: తెప్పించినవాడు ఎవరో తెలుసు, కట్టింది ఎవరో తెలుసు, పుట్టినప్పటి నుంచి ఒకే కుటుంబం. అది అమ్మకానికి వచ్చే వస్తువు కాకపోవడం మన అదృష్టం.

మళ్లీ గుడ్‌వుడ్‌కు వస్తాను. యుద్ధకాలపు విమానాశ్రయం చుట్టూ ఉన్న రోడ్డును పందెపు ట్రాక్‌గా మార్చి 1948లో ప్రారంభించిన చోటు అది. 1962లో అక్కడ జరిగిన టూరిస్ట్ ట్రోఫీ పందెంలో జిమ్ క్లార్క్ నడుపుతున్న ఆస్టన్ మార్టిన్ డీబీ4 జీటీ జగాటో అదుపు తప్పి, ముందంజలో ఉన్న జాన్ సర్టీస్ ఫెరారీని గుద్దింది. క్లార్క్ ఆ మరుసటి ఏడాది, సర్టీస్ అటు తర్వాతి ఏడాది ప్రపంచ చాంపియన్లయ్యారు. ‘2 వి.ఇ.వి.’ అనే రిజిస్ట్రేషన్ నంబరుతో పేరుపొందిన ఆ ఆస్టన్‌ను, అదే గుడ్‌వుడ్ ఎస్టేటులో 2018 జూలైలో బోనమ్స్ వేలం వేసినప్పుడు 1,00,81,500 పౌండ్లు వచ్చాయి. ఇలాంటివి మొదట తయారైనవే 19. మామూలు మనిషి కారుకు సొట్ట పడితే ధర తగ్గుతుంది, జిమ్ క్లార్క్ సొట్ట పెడితే పెరుగుతుంది. ఇందులో న్యాయం వెతకకూడదు. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. బ్రిటన్‌లో నంబరును కారు నుంచి వేరుచేసి అట్టిపెట్టుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. అందుకే కొన్ని లాట్ల కింద ‘నంబరు అమ్మకంలో భాగం కాదు’ అని ఒక చిన్న పంక్తి ఉంటుంది. అరవై ఏళ్ల ఫొటోలన్నిటిలో కనిపించే నంబరు పోయి, కాలానికి సరిపోయే మరో నంబరు తగిలించిన కారు ఫైలులో ప్రతి కాగితానికీ వివరణ రాసుకోవలసి వస్తుంది.

అన్నిటికన్నా ఖరీదైన బ్రిటిష్ కార్లలో కొన్ని అమ్ముడుపోయింది మాత్రం బ్రిటన్‌లో కాదు, కాలిఫోర్నియాలోని మాంటెరేలో. స్కాట్లాండ్‌కు చెందిన ఎక్యూరీ ఎకాస్ జట్టు తరఫున 1956 ల మాన్స్ గెలిచిన జాగ్వార్ డి టైప్ 2016లో అక్కడ 2.17 కోట్ల డాలర్లు దాటింది. మరుసటి ఏడాది అక్కడే, స్టిర్లింగ్ మాస్ 1959లో నూర్‌బర్గ్‌రింగ్ వెయ్యి కిలోమీటర్ల పందెం గెలిచిన ఆస్టన్ మార్టిన్ డీబీఆర్1 2.25 కోట్ల డాలర్లు పలికింది. ఈ ధరలు చూశాక కంపెనీలకే ఆశ పుట్టింది. 1960ల్లో జాగ్వార్ 18 తేలికపాటి ఇ టైప్‌లు కట్టాలనుకుని 12తో ఆపేసింది. వాడకుండా మిగిలిన ఆరు ఛాసిస్ నంబర్లతో 2014 నుంచి మిగతా ఆరింటినీ కట్టింది. కంపెనీ అదే, కొలతలు అవే, నంబర్లు నాటి రిజిస్టరులోవే. అయినా అవి పాత పన్నెండింటి సరసన కూర్చోలేవు, ఎందుకంటే ఆనాటి పందేల్లో పాల్గొన్నది అవి కావు. కాగితం మీద నంబరు ఒక్కటే చాలదని, దాని వెనక గడిచిన జీవితం కూడా ఉండాలని సంతలో అందరూ ఒక్కమాట మీద ఉన్న విషయం బహుశా ఇదొక్కటే.

కోట్ల మాట పక్కన పెడితే, చిన్న పట్టణాల్లో జరిగే వేలాల్లో సామాన్యులు కొనేది ఎం.జి.బి. అనే చిన్న స్పోర్ట్స్ కారు. 1962 నుంచి 1980 దాకా ఆక్స్‌ఫర్డ్ దగ్గరి ఆబింగ్డన్‌లో జీటీ అనే మూసిన పైకప్పు రకంతో కలిపి 5 లక్షలకు పైగా తయారైంది. దీనికి విడిగా ఛాసిస్ ఉండదు. తలుపుల కింద గుమ్మంలా పొడుగునా సాగే సిల్ అనే రేకుల పెట్టెలోనే దీని బలమంతా ఉంటుంది. వేలానికి ముందు కార్లను చూడనిచ్చే ప్రదర్శన రోజున దీన్ని చూడవలసినవాడు బానెట్ ఎత్తకముందే మోకాళ్ల మీద కూర్చోవాలి. తలుపుకూ వెనక రెక్కకూ మధ్య సందు కింద వెడల్పుగా, పైన ఇరుకుగా ఉంటే నడుం కుంగిందన్నమాట. జేబులో ఒక చిన్న అయస్కాంతం ఉంచుకుని సిల్ పొడుగునా జరుపుకుంటూ పోతే, రేకు ఉన్నచోట గట్టిగా అంటుకుని, పుట్టీ దిట్టంగా పట్టించినచోట జారిపోతుంది. లోపలి రేకులు తుప్పుపట్టి పొడి రాలుతుంటే పైన మాత్రం కొత్త రేకు వెల్డింగ్ చేసి తళతళలాడే రంగు కొట్టడం పాత టింకరింగ్ షెడ్ల విద్యే. అలాంటి కారుకు జాకీ పెట్టి ఎత్తితే తలుపు మూసుకోదు. అయితే వేలంలో నడిపి చూసే వీలుండదు, జాకీ పెట్టనివ్వరు. మహా అయితే ఇంజన్ స్టార్ట్ చేసి వినిపిస్తారు. ఉన్నది ఉన్నట్టు కొనుక్కోవడమే.

అందుకే ఇక్కడ ఫైలుకు మరో ఉపయోగం ఉంది. సీటు మీద పెట్టి ఉంచే ఆ లావుపాటి ఫైలులో పాత ఎంఓటీ పత్రాలు వరసగా ఉంటే, ఏ ఏడాది ఎన్ని మైళ్లు తిరిగిందో, ఏ ఏడాది తుప్పు కారణంగా ఫెయిలైందో, ఆ వెంటనే వెల్డింగ్ బిల్లు ఉందో లేదో జతచేసి చూడవచ్చు. ఇటీవలి ఏళ్ల తనిఖీల వివరాలైతే ఇంటర్నెట్‌లోనే దొరుకుతాయి. గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం కొద్దిపాటి రుసుముకు తయారీ రికార్డు నకలు ఇస్తుంది. ఎర్ర రంగులో మెరిసే కారు ఆబింగ్డన్ నుంచి లేత గోధుమ రంగులో బయటికి వచ్చిందని ఆ నకలు చెప్పిన సందర్భాలు బోలెడు. 1988 నుంచి ఎం.జి.బి.కి పాత అచ్చులతోనే సరికొత్త బాడీ షెల్ కూడా దొరుకుతోంది. అలాంటి షెల్ వేసిన కారును కొందరు పండితులు చిన్నచూపు చూస్తారు. నిజంగా నడుపుకోవాలనుకునేవాడికి మాత్రం, పుట్టీ నింపిన ‘ఒరిజినల్’ కన్నా బిల్లుతో సహా వచ్చిన కొత్త షెల్ వంద రెట్లు నయమని నేనంటాను. అలాగే సిలిండర్ హెడ్‌కు సీసం లేని పెట్రోలును తట్టుకునే వాల్వ్ సీట్లు వేయించారో లేదో బిల్లుల్లో చూసుకోవాలి. 2021 నుంచి ఇక్కడి బంకుల్లో మామూలు పెట్రోలులో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాత రబ్బరు గొట్టాలకు అది పడదు.

ఈ మధ్య వేలాల్లో యుద్ధానికి ముందు నాటి సాదా సెలూన్లకు గిరాకీ సన్నగిల్లుతోంది. వాటిని చిన్నప్పుడు వీధిలో చూసి ఇష్టపడ్డ తరం వెళ్లిపోతోంది. ఇప్పుడు చేతిలో డబ్బున్నవాళ్లు తమ కుర్రతనంలో చూసిన 1980ల కార్ల వెంట పడుతున్నారు. ఆ లెక్కన నాలాంటివాడు చెయ్యెత్తవలసింది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ కోసం. 1956లో వచ్చి 1959లో ఇక్కడ ఆగిపోయిన ఈ కారే, చిన్నచిన్న మార్పులతో హిందుస్తాన్ అంబాసిడర్‌గా కోల్‌కతా దగ్గరి ఉత్తర్‌పాడాలో 2014 దాకా తయారైంది. బ్రిటన్ వేలాల్లో ఇది అరుదుగా కనిపిస్తుంది, కనిపించినా కేటలాగు చివరి పేజీల్లో, పందేల చరిత్ర గానీ పేరున్న యజమాని గానీ లేకుండా, కనీస ధర కూడా పెట్టకుండా ఉంటుంది. మన దగ్గర కలెక్టర్లనూ మంత్రులనూ పెళ్లికొడుకులనూ మోసిన ఆ ఆకారానికి ఇక్కడ నాలుగు పంక్తుల వివరణ, ఒక చిన్న ఫొటో. వెనక సీటులో ఐదుగురు సర్దుకోవచ్చన్న విషయం ఆ నాలుగు పంక్తుల్లో ఎక్కడా రాయరు.